నాణెం మీద ఆ గీత ఎవరు గీశారు? గీత, గాటు, ముద్ర, చిల్లు చెప్పే సంగతులు

విజయవాడ బస్టాండులో టీ తాగి పది రూపాయల బిళ్ళ ఇస్తే, కొట్టాయన దాన్ని తిప్పి చూసి, గీతలు లెక్కపెట్టి "ఇది చెల్లదండీ, పదిహేను గీతలుంది" అని వెనక్కిచ్చిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. పది గీతలుంటే అసలుదట, పదిహేనుంటే దొంగదట. అసలు సంగతేమిటంటే, 2011లో బిళ్ళ మీదికి రూపాయి గుర్తు వచ్చినప్పుడు డిజైన్ మారి గీతలు తగ్గాయి. అంతకుముందువి పదిహేను, ఆ తర్వాతవి పది. రెండూ ప్రభుత్వ టంకసాలలో అచ్చైనవే. 2018 జనవరిలో రిజర్వ్ బ్యాంకు, 14 డిజైన్లలో వచ్చిన పది రూపాయల నాణేలన్నీ చెల్లుతాయని ప్రకటించాల్సి వచ్చింది. అయినా మన వైపు కొన్ని కొట్లలో ఆ అనుమానం పూర్తిగా పోలేదు.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, ఈమధ్య గుంటూరు నుంచి మా బాబాయి వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. పాత ట్రంకు పెట్టెలో దొరికిన వెండి రూపాయి. దాని మీద పారశీక అక్షరాలున్నాయి. అంచు దగ్గర నాలుగు చిన్న గుంటలు, వాటిలో ఒకటి పువ్వులా, ఇంకొకటి నెలవంకలా ఉన్నాయి. మధ్యలో అడ్డంగా ఒక గీత మెరుస్తోంది. కింద ప్రశ్న: "ఏరా, ఇదేమన్నా రహస్య లిపా? లేకపోతే పాడైపోయిన బిళ్ళా?" ఆ వెంటనే రెండో మెసేజ్: "మా ఫ్రెండు బియ్యాన్ని లాగే నాణెమేమో చూడమంటున్నాడు."

రెండో ప్రశ్నకు జవాబు తేలిక. బియ్యాన్ని లాగే నాణెం అనేది లేదు. రైస్ పుల్లింగ్ పేరుతో లక్షలు పోగొట్టుకున్నవాళ్ళే ఉన్నారు. మొదటి ప్రశ్నకు మాత్రం రెండు ముక్కల్లో జవాబు చెప్పలేం. పాత నాణేల మీద గీతలంటే రెండు వేల ఏళ్ళకు పైబడిన వ్యవహారం, అందులో మన కృష్ణా తీరానికీ వాటా ఉంది.

ముందు నాలుగు మాటలు

నాణేల మీద తర్వాత పడ్డ గుర్తులన్నిటినీ కలిపి గ్రాఫిటీ అనేస్తుంటారు. ఆ మాట ఇటాలియన్‌లో గీకడం అనే అర్థం నుంచి వచ్చింది. గోడల మీద రంగులతో వేసే బొమ్మలకు ఆ పేరు తర్వాత అంటుకుంది. నాణేల విషయంలో దాన్ని అసలు అర్థానికే పరిమితం చేస్తే గందరగోళం తగ్గుతుంది. మన తెలుగులోనే నాలుగు మాటలున్నాయి, అవి చాలు.

సూదితోనో గంటంలాంటి మొనదేలిన పనిముట్టుతోనో చేత్తో గీసింది గీత. అది అక్షరం కావచ్చు, బొమ్మ కావచ్చు, ఊరికే అడ్డగీత కావచ్చు. ఉలితో కొట్టినా, కత్తితో కోసినా, ఆకురాయితో రాసినా పడేది గాటు. ముందే చెక్కి పెట్టుకున్న చిన్న అచ్చును సుత్తితో కొడితే పడేది ముద్ర. ఒకే అచ్చు వంద నాణేల మీద పడొచ్చు కాబట్టి ముద్ర వెనక ఒక వ్యవస్థ ఉంటుంది, గీత వెనక సాధారణంగా ఒక మనిషి ఉంటాడు. ఇక చిల్లు సంగతి తెలిసిందే. చిల్లుకాణీ అనే తిట్టు మనకు ఊరికే రాలేదు.

వీటిలో ఏదీ కానిది ఇంకొకటి ఉంది. కొత్తవాళ్ళు ఎక్కువగా పొరబడేది దాని దగ్గరే.

ఉబ్బిన గీత వేరు, లోపలికి దిగిన గీత వేరు

నాణెం అచ్చు వేసే దిమ్మ మీద గీత పడిందనుకోండి. దిమ్మలో అది గుంట. లోహం ఆ గుంటలోకి వెళ్తుంది కాబట్టి నాణెం మీద అదే గీత గట్టులా పైకి లేస్తుంది. దిమ్మకు పగులు వచ్చినా అంతే. అదే, తయారైన నాణెం మీద ఎవరైనా గీస్తే గీత లోపలికి దిగుతుంది. వేలిగోరుతో తడిమినా, లైటును పక్కనుంచి వేసి చూసినా తేడా తెలుస్తుంది. గట్టు ఉంటే అది టంకసాల లోపలి కథ, గాడి ఉంటే చాలావరకు బయటి కథ. చాలావరకు అని ఎందుకన్నానంటే, బరువు ఎక్కువైన బిళ్ళను టంకసాలలోనే ఆకురాయితో రాసి సరిచేసిన సందర్భాలూ ఉన్నాయి. అప్పుడు ఆ గాట్ల మీదుగా అచ్చు పడుతుంది కాబట్టి, బొమ్మ కింద నలిగిన గీతలు కనిపిస్తాయి.

అమరావతి నాణేలను వెనక్కి తిప్పి చూస్తే

మన దేశంలో అన్నిటికంటే పాత నాణేలు విద్ధాంక నాణేలు. వెండి రేకును ముక్కలుగా కోసి, తూకం సరిచేసి, ముందువైపు సూర్యుడు, కొండ, చెట్టు, ఏనుగు లాంటి ముద్రలు విడివిడిగా కొట్టేవారు. మామూలుగా ఐదు ముద్రలు ఉంటాయి. తూకం 32 రత్తులు, అంటే గురిగింజల లెక్క. మన గ్రాముల్లో సుమారు 3.4. గుంటూరు పక్కన అమరావతిలో ఇలాంటి వెండి నాణేలు ఏడు వేలకు పైగా ఒకేచోట దొరికాయి. వాటి మీద పరమేశ్వరీ లాల్ గుప్తా రాసిన గ్రంథాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే 1963లో ప్రచురించింది.

ముందువైపు ఐదు ముద్రలు ప్రభుత్వానివనో, అధికారం ఉన్న సంస్థవనో చాలామంది ఒప్పుకుంటారు. గొడవంతా వెనకవైపు. అక్కడ ఇంకా చిన్న ముద్రలు ఉంటాయి. కొన్నిటి మీద ఒకటే, కొన్నిటి మీద కిక్కిరిసి, కొన్నిటి మీద అసలేమీ ఉండవు. ఇవి షరాబుల ముద్రలనేది పాత వాదన. అరబ్బీ సర్రాఫ్ అనే మాటే మన షరాబు. డబ్బును పరీక్షించి, మార్చి, అప్పిచ్చే మనిషి. నాణెం చేతికొచ్చినప్పుడు తూచి, గీటురాయి మీద గీసి, సరిపోయిందనిపిస్తే తన గుర్తు కొట్టేవాడని ఈ వాదన.

దీన్ని ఊహతో కాకుండా తక్కెడతో పరీక్షించినవాడు డి.డి. కోశాంబి. ఆయన చరిత్రకారుడే కాదు, లెక్కల ప్రొఫెసరు కూడా. తక్షశిలలో దొరికిన వెయ్యికి పైగా విద్ధాంక నాణేలను 1940ల్లో పట్టుబట్టి తూచాడు. వెనకవైపు ముద్రలు పెరిగేకొద్దీ సగటు బరువు తగ్గుతోందని తేల్చాడు. అంటే ముద్రలు ఒక్కసారే పడలేదు. నాణెం చేతులు మారుతూ అరుగుతూ ఉండగా, మధ్యమధ్యలో ఎవరో తనిఖీ చేస్తూ వచ్చారు.

ఇది ఎందుకంత ముఖ్యమో ఒక ఊహా లెక్కతో చూద్దాం. కొత్త నాణెం 3.4 గ్రాములు, బాగా అరిగింది 3.22 అనుకుందాం. తేడా గ్రాములో ఐదో వంతు కూడా లేదు, చేతికి తెలియదు. కానీ ఒక వర్తకుడు అరిగినవి వంద తీసుకుంటే పోయేది 18 గ్రాముల వెండి. అంటే వందకు ఐదు నాణేలకు పైగా నష్టం. ఇంత నష్టం దగ్గర ఎవరో ఒకరు తూచక తప్పదు, తూచినట్టు గుర్తు వెయ్యకా తప్పదు.

అయితే అందరూ దీన్ని ఒప్పుకోరు. వందల మైళ్ళ దూరంలో దొరికిన నాణేల మీద ఒకే వెనక ముద్ర కనిపిస్తుంటే అది ఏ ఊరి షరాబుది ఎలా అవుతుంది, ప్రభుత్వమే తిరిగి తనిఖీ చేసి కొట్టి ఉండొచ్చు కదా అన్నది ఎదురు ప్రశ్న. తనిఖీ జరిగిందనే దాంట్లో పేచీ లేదు, చేసిందెవరనేదే పేచీ. నా మట్టుకు నాకు రెండూ జరిగి ఉంటాయనిపిస్తుంది. వెనక ముద్రలన్నీ ఒకే రకం పని చేశాయని అనుకోవడంలోనే చిక్కుంది.

ఈ అలవాటు చాలాకాలం పోలేదు. మొగలుల కాలంలోనూ, ఈస్టిండియా కుంఫిణీ తొలినాళ్ళలోనూ ఆ ఏడాది అచ్చైన సిక్కా రూపాయికే నిండు విలువ. పాతబడేకొద్దీ బట్టా కింద కొంత కోసుకునేవారు. షరాబుల బతుకే ఆ బట్టా మీద. 1835లో కంపెనీ పాలించిన ప్రాంతాలన్నిటికీ ఒకే రూపాయి వచ్చాకే వాళ్ళ సుత్తికి పని తగ్గింది. బాబాయి ఫొటోలో అంచు దగ్గరున్న పువ్వూ నెలవంకా ఆ సుత్తి దెబ్బలే.

ఇవాళ మన నగ మీద బీఐఎస్ గుర్తు, 22కె916 అనే స్వచ్ఛత అంకె, ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ నంబరు ఉంటున్నాయి కదా. చేసే పని అదే. కాకపోతే అప్పుడు సుత్తి, ఇప్పుడు లేజరు.

ఏథెన్స్‌లో కోసెయ్యడం చట్టం

గీటురాయి పైపొరనే చెప్తుంది. లోపల రాగి పెట్టి పైన వెండి పూత పూస్తే? కోసి చూడాల్సిందే. క్రీ.పూ. 375-74లో ఏథెన్స్ ఒక చట్టం చేసింది. అది చెక్కిన రాయి 1970 తవ్వకాల్లో దొరికింది. బజారులో ప్రభుత్వ పరీక్షకుడు కూర్చుంటాడు. ఆయన మంచిదన్న నాణేన్ని వర్తకుడు కాదనడానికి వీల్లేదు. లోపల కంచో సీసమో ఉంటే ఆయన దాన్ని అక్కడికక్కడే కోసేస్తాడు, అది దేవతల తల్లి పేరున జమ అవుతుంది. ఏథెన్స్ గుడ్లగూబ నాణేల మీద లోతైన గాట్లు ఎక్కువగా కనిపించడానికి పరీక్షే కారణం. వాటిలో మంచి వెండివి కూడా చాలా ఉన్నాయి, అనుమానంతో కోశారు, బాగుందని వాడుకున్నారు.

చక్రవర్తి మొహం మీద గాటు

ఇప్పుడు అసలు చిక్కుముడికొద్దాం. రోము నుంచి బంగారు, వెండి నాణేలు మన దేశానికి కుప్పలుగా వచ్చాయి. మిరియాలకూ ముత్యాలకూ సన్న బట్టలకూ ఏటా 5 కోట్ల సెస్టర్షియస్‌లు (రోమన్ డబ్బు లెక్క) ఇండియాకు పోతున్నాయని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. మొదటి శతాబ్దపు గ్రీకు నావికుల పుస్తకంలో మన మచిలీపట్నం తీరం మసాలియా పేరుతో, బట్టల నేతకు పేరున్న చోటుగా కనిపిస్తుంది. 1889లో వినుకొండలో టైబీరియస్ నుంచి కారకల్లా దాకా రోమన్ చక్రవర్తుల బంగారు నాణేలు దొరికాయి. నాగార్జునకొండ శాసనం ఒకటి, ఉజ్జయిని నుంచి వచ్చిన రాణి ఒక స్తంభం కోసం 170 దీనారి మాషకాలనే నాణేలు ఇచ్చిందని చెప్తుంది. రోమన్ దినారియస్సే ఆ దీనారి.

ఈ నాణేలు మన దేశానికొచ్చాక వాటికి కొత్త గుర్తులు పడ్డాయి. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో దొరికిన 1,500కు పైబడిన వెండి దినారియస్‌లలో చాలావాటి మీద విద్ధాంక నాణేల వెనక ముద్రల్లాంటి చిన్న ముద్రలున్నాయి. ఇది అర్థమవుతుంది, కొత్త డబ్బు మీద పాత అలవాటు. అర్థం కానిది తమిళనాడులోని పుదుక్కోట్టై దగ్గర 1898లో బయటపడిన 501 బంగారు నాణేల సంగతి. అగస్టస్ నుంచి వెస్పేషియన్ దాకా ఉన్న ఆ నాణేల్లో నూటికి తొంభైకి పైగా, చక్రవర్తి తల మీదుగా ఉలితోనో ఆకురాయితోనో పెట్టిన గాటుతో ఉన్నాయి. అదీ ముందువైపే, సరిగ్గా తల మీదే.

ఎందుకు? మొదటి సమాధానం పరీక్ష. పూతేమో చూడటానికి కోశారు. ఈ వాదనకు బలం లేకపోలేదు. తల ఉన్నచోటే లోహం ఎత్తుగా ఉంటుంది, అక్కడ కోస్తే లోపలి సంగతి తెలుస్తుంది. కానీ పరీక్షకైతే అంచున కోసినా చాలు. ఐదొందల్లో నాలుగొందల యాభైకి పైగా బంగారు నాణేలను ఒక్కొక్కటిగా తల దగ్గరే పరీక్షించారంటే నమ్మబుద్ధి కాదు.

రెండో సమాధానం, చలామణీలోంచి తీసెయ్యడం. బ్రిటిష్ మ్యూజియం నాణేల నిపుణుడు జార్జ్ హిల్ ఈ నిధిని పరిశీలించి ఈ వైపు మొగ్గాడు. బాగా అరిగిన నాణేన్ని ఇకపై లెక్కపెట్టి తీసుకోవద్దు, తూచి బంగారంగానే తీసుకోండి అని చెప్పడానికి గాటు పెట్టారన్న మాట. కాగితం మీద రద్దు అని అడ్డగీత గీసినట్టు. క్రీ.శ. 64లో నీరో బంగారు నాణెం తూకాన్ని రోమన్ పౌనులో (అది వాళ్ళ తూకపు కొలత) 40వ వంతు నుంచి 45వ వంతుకు, అంటే సుమారు 7.3 గ్రాములకు దించాడు. వెండిలో కల్తీ కూడా పెంచాడు. తూకాలు మారిపోయిన ఆ రోజుల్లో, ఏది లెక్కకు, ఏది తూకానికి అనే గుర్తు అవసరమయ్యే ఉంటుంది.

మూడోది రాజకీయం, లేదా నమ్మకం. పరాయి రాజు మొహం ఉన్న డబ్బు మా నేల మీద చెల్లదనడం. తల మీదే గాటు పడటానికి దీనికంటే సూటి వివరణ లేదు. అయితే అదే కాలంలో మన దేశంలోనే రోమన్ చక్రవర్తుల తలలను అనుకరిస్తూ మట్టి బిళ్ళలు చేసుకుని మెళ్ళో వేసుకున్నారు. ఆ మొహాలంటే అంత విముఖత ఉన్నవాళ్ళు ఆ పని చేస్తారా? ఒక ఊళ్ళో ఇష్టం, ఇంకో ఊళ్ళో కోపం ఉండకూడదా అని మూడో వాదం వాళ్ళు తిరిగి అడగొచ్చు.

నాకు రెండో వాదన గట్టిగా కనిపిస్తుంది. తల మీదే ఎందుకన్నదానికి కూడా అది చాలు: నాణెం చూడగానే కన్ను పడేది తల మీదే కాబట్టి, రద్దు గుర్తు అక్కడుంటే ఎవరూ పొరబడరు. అయినా గాటు పెట్టినవాడి మనసులో ఏముందో గాటు చెప్పదు. అది ఎక్కడ పడింది, ఎన్నిటి మీద పడింది, పక్కన ఏమున్నాయి, ఇవే చేతికొచ్చే ఆధారాలు.

రాజు మీద రాజు

రాజకీయం ఉందని కచ్చితంగా చెప్పగలిగిన నాణేలు లేకపోలేదు. నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో 1906లో క్షహరాట వంశపు రాజు నహపాణుడి వెండి నాణేలు 13 వేలకు పైగా దొరికాయి. వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన గుర్తులు మళ్ళీ కొట్టించాడు. ఓడిన రాజు మొహం కింద లీలగా కనిపిస్తూనే ఉంటుంది. కరిగించి కొత్తవి పోయించొచ్చు, కానీ ఇలా కొట్టిస్తే ఖర్చు తక్కువ, చూసినవాళ్ళందరికీ గెలుపు కబురూ చేరుతుంది.

ఇంతకంటే పచ్చిగా కనిపించేది గేటా కథ. వినుకొండ నిధిలో ఆఖరి చక్రవర్తి కారకల్లా అన్నాను కదా, ఆయన 211లో సొంత తమ్ముడు గేటాను చంపించి, తమ్ముడి పేరు ఎక్కడా లేకుండా చెరిపించాడు. నేటి టర్కీలోని స్ట్రటోనికేయాలో అన్నదమ్ములిద్దరూ ఎదురెదురుగా ఉన్న నాణేల్లో ఒక మొహాన్ని గీకేశారు. అక్కడ ఖాళీ మిగిలింది, కారకల్లా ఎదుట ఎవరూ లేరు.

చేత్తో రాసిన రాతలు

అసలైన గ్రాఫిటీ ఇది, నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ ఇదే. గ్రీకు నాణేల మీద సన్నగా గీసిన అక్షరాలుంటాయి. ఒకటి రెండు అక్షరాలైతే సొంతదారు పేరో, లెక్క గుర్తో అయ్యుంటుంది. బాగ్దాద్, సమర్కంద్‌లలో అచ్చైన దిర్హములనే వెండి నాణేలు ఉత్తర ఐరోపా సముద్రయాత్రికులైన వైకింగుల చేతుల్లో స్వీడన్ దాకా వెళ్ళాయి. వాటి మీద పడవలు, వాళ్ళ దేవుడు థోర్ సుత్తులు, శిలువలు, వాళ్ళ లిపి రూన్ అక్షరాలు గీసి ఉన్నాయి. అరబ్బీలో అల్లా పేరున్న బిళ్ళ మీద తమ దేవుడి సుత్తి గీసుకున్నవాడు ఏమనుకుని గీశాడో? భక్తా, రక్షా, పొద్దుపోకా? పండితులు మూడూ అన్నారు. ఆ నాణేల్లో కొన్నిటి మీద బొమ్మతో పాటు వెండిని పరీక్షించడానికి కత్తిమొనతో పొడిచిన గాట్లు కూడా ఉన్నాయి. ఒకే బిళ్ళ మీద దేవుడూ, అనుమానమూ.

దగ్గరి కాలానికొస్తే, బ్రిటిష్ మ్యూజియంలో 1903 నాటి ఒక పెన్నీ ఉంది. ఎడ్వర్డ్ రాజు మొహం మీద, ఆడవాళ్ళకు ఓటు కావాలనే నినాదం ఒక్కో అక్షరమూ సుత్తితో కొట్టి ఉంటుంది. పెన్నీ చిన్న డబ్బు, దాన్ని బ్యాంకు వెనక్కి తీసుకోవడం శ్రమ కాబట్టి నినాదం ఊరూరా తిరుగుతుంది. మన నోట్ల మీద పెన్నుతో రాసే ఫోన్ నంబర్లు, ప్రేమలేఖలు కూడా ఆ వంశమే. రాతలున్న నోట్లు చెల్లవనే పుకారు లేచినప్పుడు, అవి చెల్లుతాయని 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ వివరణ ఇచ్చింది.

చిల్లు సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. కాసులపేరు తెలిసినవాళ్ళం మనం. నాణెం నగ అయితే దానికి చిల్లైనా పడుతుంది, కొక్కెమైనా వస్తుంది. రోమన్ బంగారం కూడా అలా మెళ్ళోకెక్కింది. చిల్లు ఎటు ఉందో చూస్తే, వేలాడేటప్పుడు ఏ మొహం నిటారుగా కనిపించాలనుకున్నారో తెలుస్తుంది.

పాత గీతా, నిన్నటి గీతా?

భూమిలో ఉన్న లోహానికి కాలంతో ఒక పొర పడుతుంది. వెండికి నల్లటిది, రాగికి పచ్చటిది. గీత పాతదైతే ఆ పొర గాడి అడుగున కూడా ఉంటుంది, గాడి అంచులు అరిగి మెత్తబడి ఉంటాయి. నిన్నటిదైతే అడుగు మెరుస్తుంది, అంచున లేచిన లోహపు రజను గోటికి గరుగ్గా తగులుతుంది. బంగారానికి పొర పట్టదు కాబట్టి అక్కడ అరుగుదలే చూడాలి, మైక్రోస్కోపు కావాలి. శాతవాహనుల సీసం నాణేలైతే మరీ మెత్తన, గునపం తగిలినా గీత పడుతుంది.

ఇక్కడే చింతపండు కొంప ముంచుతుంది. పొలంలో దొరికిన బిళ్ళను ఇంటికి తెచ్చి చింతపండు, బూడిద పెట్టి తోమితే పొర పోతుంది. పాత గీతా మెరుస్తుంది, కొత్త గీతా మెరుస్తుంది. ఇక ఏది ఎప్పటిదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

నిధిని పంచుకుంటే పోయేదీ అలాంటిదే. పుదుక్కోట్టై నాణెం ఒక్కటే దొరికి ఉంటే, ఎవరో ఉలి జారి కొట్టారనుకునేవాళ్ళం. ఐదొందలు కలిసి దొరకబట్టే అది ప్రశ్న అయింది. కోశాంబి లెక్క కూడా వెయ్యి నాణేలు ఒకే చోట ఉండబట్టే తేలింది. నేలలో దొరికిన పది రూపాయలకు మించిన విలువ ఉన్న నిధి సంగతి కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెప్తుంది. లంకెబిందెలు దొరికితే ప్రభుత్వం లాగేసుకుంటుందని ఊళ్ళల్లో ఆ చట్టాన్ని తిట్టుకుంటారు. పరిశోధకుడికి మాత్రం నాణేలు చెదిరిపోకుండా అన్నీ ఒకచోట దొరికే దారి అదొక్కటే.

బాబాయి బిళ్ళ మీద మెరిసే గీత గురించి అప్పుడే అడిగాను, ఎవరికైనా చూపించావా అని. చూపించాడట. గుంటూరులోనే ఒక వెండి కొట్లో, అసలు వెండేనా కాదా అని. అక్కడి కుర్రాడు లోపలికి తీసుకెళ్ళి ఆకురాయితో ఒక్క గీత గీసి తెచ్చి, "మంచి వెండేనండీ" అన్నాడట.

"అయితే దాన్ని రుద్ది పోగొట్టమంటావా?" అన్నాడు బాబాయి.

"వద్దు బాబాయ్, ఉండనీ. పువ్వు కొట్టినాయనదీ ఆ కుర్రాడిదీ ఒకటే పని" అన్నాను.